ఊఁ కొట్టినంత చలువ

ఒకటో మాట

ధీరజ్ బాబూ, ఈ డబ్బీ నా మాట పట్టుకుంటోందో లేదో తెలీదు గానీ పచ్చదీపం అయితే వెలుగుతోంది. కొటారుపాలెం ప్రెసిడెంటువి నువ్వు. మనూరి నుంచి ఇకముందు కళ్ల వైద్యానికి ఎవరు గొడుగుపట్నం వచ్చినా తడుముకోకూడదు, జరిగింది జరిగినట్టు చెప్పు పిన్నీ అన్నావు. చెప్తున్నా. మధ్యలో నవ్వొద్దు.

పొద్దున్నే దిగాం, నేనూ మా తోడికోడలు మౌనికక్కా. పట్నం మొత్తానికి గొడుగులా వేసిన కప్పు కింద అడుగు పెట్టగానే చల్లదనం ముఖాన తగిలి ఒళ్లు ఝల్లుమంది. అక్క నా భుజం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఉప్పుమళ్ల తెలుపు చూసీ చూసీ తన కళ్లు మసకేశాయని ఊరందరికీ తెలుసు. వెలుగేదో నీడేదో తెలుస్తుంది, ఎదురుగా ఉన్నది ఎవరో తెలీదు. ఇది లోపలా బయటా అని అడిగింది. ఊరంతా లోపలే అక్కా అన్నాను.

వాకిట్లో నా చేతికి కడియం తొడిగారు. మీరంతా మీ వేసవి వంతులోంచి తీసిచ్చిన చలువ అందులో నీలం గీతలా మెరిసింది. చల్లగదిలో నడుం వాల్చాల్సిన మధ్యాహ్నాలు మా కోసం వదులుకున్నారు, పసిపిల్లలున్నవాళ్లు కూడా కాదనలేదు. ఆ గీత చూస్తే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇక్కడ రూపాయికి విలువ లేదు, అన్నిటికీ చలువే. కుర్చీలో కూర్చుంటే గీత తరుగుతుంది, నీడబాట మీద నడిస్తే తరుగుతుంది, మెట్లు వాటంతటవే మోసుకెళ్తే సరేసరి. గీత అయిపోయిందా, మర్యాదగా వాకిలి దాకా సాగనంపి బయటి ఎండలో వదిలేస్తారు.

అందుకని మేం పట్నాన్ని మనూరి పద్ధతిలో చూశాం. కుర్చీకి ఖర్చు గానీ నేలకి లేదు కాబట్టి ఎక్కడ ఆగినా గొంతుక్కూర్చున్నాం. నీడబాట ఎక్కకుండా దాని పక్కనే, చల్లదనం అంచు దాటి కారేచోట నడిచాం. దార్లో మూట విప్పి పులిహోర తిన్నాం. ఇక్కడ మబ్బుల్ని కూడా ఆఫీసులో తయారుచేసి కప్పు కింద వదుల్తారు. చూసినందుకు ఎవరూ ఏమీ అడగరు గనక నేను తనివితీరా చూసి, ఒక్కొక్కటీ ఎలా ఉందో అక్కకి చెప్పాను. ఒకటి అచ్చం మా మామగారి పొట్టలా ఉందంటే అక్క అరుగు మీద పడి నవ్వింది. ఆ అరుగుకి చలువ పట్టుకున్నారని తర్వాత తెలిసింది.

రెండో మాట

ఆస్పత్రిలో చేర్చుకున్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిగ్గా చెప్పింది. కంట్లో కొత్త పొర పరుస్తారు, పైన కట్టు కడతారు. కట్టు విప్పేదాకా తల కదలకూడదు, బయటి వేడి తగలకూడదు. రెండిట్లో ఏది జరిగినా పొర ముడుచుకుపోతుంది. బయటి ఊళ్లవాళ్లకి రెండోసారి వరస రావాలంటే ఏళ్లు పడుతుందట, అప్పటికి అక్కకి ఈ మసక కూడా మిగలదు. వైద్యం ఉచితమే గానీ ఉండటం మన ఖర్చు. నేను గీత చూసుకున్నా. ఒళ్లు దగ్గర పెట్టుకుంటే కట్టు విప్పేదాకా సరిపోగా కాస్త మిగిలేలానే ఉంది. మిగిలింది తెచ్చి మళ్లీ ఊళ్లో పంచాలని అప్పుడే అనుకున్నా.

మమ్మల్ని పడేసింది పొడుగాటి వార్డు, మంచానికీ మంచానికీ మధ్య పల్చటి తెర. పక్క మంచం మీద ఒక పెద్దాయన, పేరు శ్రేయాంశ్ గారు. ఆ మబ్బుల ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యారట. ఆయనకీ ఇదే ఆపరేషను. దగ్గర కూతురు ఆద్య ఉంది, నలభై దాటిన మనిషి, మాట పొదుపు, నడక పొదుపు. మమ్మల్ని చూసి తల పంకించి ఊరుకుంది.

ఈ పట్నంవాళ్ల మర్యాద గురించి మాత్రం చెప్పి తీరాలి. అక్క మంచం మీద పడుకుని, రేపటి భయం పోవడానికి మా అత్తగారి పెళ్లి కథ ఎత్తుకుంది. మీకు తెలిసిందే కదా అక్క సంగతి. మౌనిక అని పేరు పెట్టినవాళ్ల ఆశ ఆశగానే మిగిలిపోయింది. నేను స్టూలు పక్కన నేల మీద కూర్చుని ఊఁ కొడుతున్నా. కథ మొదలైన కాసేపటికి గోడలోంచి సన్నటి గొణుగుడు, వెంటనే చల్లటి గాలి. ఇంకాసేపటికి మల్లెల వాసన. ఇంకాసేపటికి గోడ తెరుచుకుని సబ్జా షర్బత్తు. చివరికి నేలలోంచి మెత్తటి పీట లేచి నా కాళ్లు పిసకడం మొదలెట్టింది. మేం ఎవరమని ఇంత ఆదరణ? పిలవని పేరంటానికి వచ్చినవాళ్లకి పట్టుచీర పెట్టినట్టుంది. అక్కా నేనూ ఈ ఊరు చల్లగుండాలని నోరారా దీవించాం.

మూడో మాట

ఆపరేషను బాగా జరిగింది. అక్క కళ్లకి కట్టు పడింది. కానీ బాబూ, కడియం మీద గీత చూసుకున్నా. సగానికి సగం లేదు.

పాపిష్టి కడియం చెడిపోయిందేమోనని రుద్ది చూశా, నీళ్లతో కడిగి చూశా. మంచినీళ్లు ఉచితంగా వచ్చే కుళాయి దాకా నడిచెళ్లి తెస్తున్నా, కుర్చీ ముట్టుకోలేదు, తిండి మన మూటలోదే. మరి ఏమవుతోంది? పోయి లెక్కల బల్ల దగ్గర గట్టిగానే అడిగా. బల్ల వెనక మనిషి లేడు. సందేహాలుంటే గోడకి చెప్పుకొమ్మని బల్లే చెప్పింది.

వచ్చి అక్క పక్కన కూర్చున్నా. అక్క కథ మళ్లీ ఎత్తుకుంది. నేను దిగులుగా ఊఁ అన్నాను. మల్లెవాసన వచ్చింది. అప్పుడు ఆద్య తెర తీసి, ఇంక చూడలేక అన్నట్టుగా, మెల్లగా చెప్పింది.

"మీరు ఊఁ అంటున్నారు కదండీ. ఇక్కడ ఊఁ అంటే కొన్నట్టే."

గోడ గొణిగేది బేరమట. కాస్త గాలి పెంచమంటారా, వాసన చల్లమంటారా, కాళ్లు పట్టమంటారా అని అడుగుతూనే ఉంటుంది. పుట్టినప్పట్నించీ విని విని వీళ్ల చెవులకి ఆ గొణుగుడు ఈగల మోతే. వద్దనక్కర్లేదు, పలకకపోతే చాలు. మౌనం అర్ధాంగీకారం అని మనవైపు అంటారు, ఇక్కడ వద్దని చెప్పే దారి అదొక్కటే. అందుకే ఈ ఊళ్లో ఒకరు చెప్తుంటే ఒకరు నోరు కట్టుకుని వింటారు. ఊఁ కొట్టడమనే అలవాటే ఎప్పుడో పోయిందట.

అమ్మ కడుపు మాడ, ఆ దీవెనలన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. తర్వాత ఆద్య ముఖం చూసి సిగ్గేసింది. నిజం చెప్పిన మనిషి ఆవిడొక్కతే. రెండు చేతులూ పట్టుకుని చల్లగా ఉండమ్మా అన్నాను. ఆవిడ చేతులు ఏం చేయాలో తెలీనట్టు అలాగే ఉంచేసింది.

నాలుగో మాట

ఊఁ కొట్టడం మానేశా. మానేస్తే తేలిపోతుందనుకున్నా. తేలలేదు.

అక్కకి అంతా విడమరిచి చెప్పాను, అర్థమైంది లేవే అంది. కానీ కథ చెప్పేవాళ్లకి ఊఁ వినపడకపోతే ఏమవుతుందో మన ఊళ్లో ఎవరికి తెలీదు? అక్క రెండు మాటలు చెప్పి ఆగింది. మళ్లీ రెండు చెప్పి ఆగింది. నేను లేచి వెళ్లిపోయానేమోనని భయం. తన చేయి నొక్కాను. "చెయ్యి ఎవరిదైనా ఒక్కలాగే ఉంటుందే" అంది. కాసేపటికి నోరు మూసుకుంది. నోరు మూసుకున్న అక్కని పెళ్లయి వచ్చాక అప్పుడే చూశాను.

కథ ఆగితే అక్క కుదురుగా ఉండలేదు. చీకటి మీదకొచ్చి కూర్చున్నట్టుందట. కథ చెప్పేటప్పుడు రాయిలా కదలని మనిషి, చప్పుడు లేకపోయేసరికి నేనెక్కడున్నానో అని తల అటూ ఇటూ తిప్పింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. పొర అంచు కాస్త లేచిందట. ఇంకోసారి ఇలా తిప్పితే నేనేం చేయలేను అంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, భయం ఉంది.

ఊఁ కాకుండా వేరే ఏదైనా అందామని చూశా. "అలాగా" అన్నాను. గోడకి అది అలాగే అని వినపడి షర్బత్తు దించింది. "తర్వాత" అన్నాను. గోడ పాపం బుద్ధిగా రాసుకుని, తర్వాత అన్నీ కలిపి ఒక్కసారే తెచ్చింది. గాలీ, వాసనా, కాళ్లు పిసికే పీటా అన్నీ మీద పడ్డాయి. మంచం పట్టె మీద గోరుతో కొడదామంటే మంచం అదరకూడదు. నాలుకతో చప్పుడు చేస్తే, నన్నేమైనా గేదె అనుకుని అదిలిస్తున్నావా అని అక్క అలిగింది.

గీత వేలెడంత మిగిలింది, కట్టు విప్పేదాకా ఉండటానికే బొటాబొటి. ఊఁ కొడితే కట్టు విప్పేలోపు ఎండలో పడతాం. కొట్టకపోతే తల తిరుగుతుంది. ఎటు చూసినా పోయేది అక్క చూపే. పెళ్లయి వచ్చిన కొత్తలో ఉప్పు మోసి నా తల పుండైతే, నా తట్ట కూడా తనే నెత్తిన పెట్టుకుని నడిచిన మనిషి.

అయిదో మాట

ఊఁ కొట్టడానికే నిశ్చయించుకున్నా. గీత ఉన్నంతసేపైనా అక్క తల నిలుస్తుంది, ఆ పైన వాకిట్లో వాళ్ల కాళ్లు పట్టుకుంటా అనుకున్నా. ఇంక మొదలెట్టు అక్కా, చెప్పు అన్నాను.

అక్క చెప్పింది. మా అత్తగారి పెళ్లిపందిట్లోకి దుమ్ముగాలి వచ్చింది. ఎవరి ముఖం ఎవరికీ కనపడటంలేదు, అందరూ తువ్వాళ్లు చుట్టేసుకున్నారు. పెళ్లికొడుకూ వాళ్ల తమ్ముడూ పక్కపక్కన నిలబడ్డారు, ఇద్దరిదీ ఒకే ఎత్తు. అత్తగారు దండ చేత్తో పట్టుకుని ముందుకొచ్చింది. అంతవరకూ చెప్పి అక్క ఆగింది. నేను నోరు తెరిచా.

నేను అనేలోపు తెర అవతల నుంచి వచ్చింది. "ఊఁ."

శ్రేయాంశ్ గారు. కళ్లకి కట్టు, చేతులు గుండెల మీద. అక్క ఉలిక్కిపడి ఎవరది అంది.

"పక్క మంచం అమ్మా. ఆ దండ ఎవరి మెళ్లో పడిందో చెప్పు. పొద్దుట్నించీ నిద్ర లేకుండా చేశావు."

ఆయన గోడ ఆయనకి షర్బత్తు దించింది. ఆద్య కంగారుపడి, నాన్నా అని మందలించబోయింది. చలువ ఒకరు ఇంకొకరికి ఇవ్వడం ఈ ఊళ్లో నేరం, వాకిట్లోనే చెప్పారు. కానీ ఆయన ఎవరికీ ఏమీ ఇవ్వలేదు కదా. ఆయన ఊఁ ఆయనిష్టం, ఆయన షర్బత్తు ఆయనది. తాగలేను గానీ మీరెవరైనా తాగండి అని నవ్వారు. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేదట. ఆ సంగతే మర్చిపోయాను, నీ కథ వింటుంటే నోరు దానంతటదే కదిలింది అన్నారు.

అక్క తల ఇంక కదల్లేదు. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నారు. ఆయన కునికిపాట్లు పడుతుంటే ఎదురు మంచం దగ్గరున్న అబ్బాయి అందుకున్నాడు, వాళ్ల అత్తకి తోడొచ్చినవాడు. వాడి ఊఁ బొంగురు. తర్వాత మూలమంచం ఆవిడ, సన్నగా, సిగ్గుపడుతూ, తప్పు చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి మరీ ఊఁ అంది. మధ్యాహ్నానికి వార్డులో వంతులు పడ్డాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు. వార్డంతా మల్లెవాసన, షర్బత్తు గ్లాసులు చేతులు మారుతున్నాయి, గోడకి ఊపిరాడటంలేదు.

నేను మాత్రం నోరు కట్టుకుని అక్క చేయి పట్టుకుని కూర్చున్నా. ఏడుపు వస్తే ముక్కు చీదే చప్పుడు కూడా ఊఁలా వినపడుతుందేమోనని కొంగు నోట్లో కుక్కుకున్నా. నేను ఎవరికి దణ్ణం పెట్టను బాబూ? ఊరూ పేరూ తెలీనివాళ్లు. వాళ్లదీ తూచి వాడుకునే బతుకే, ఆ మూలమంచం ఆవిడ మంచినీళ్లకి నాతోపాటు ఆ కుళాయి దగ్గరికే వస్తుంది. ఆద్య ఒక్కతే ఊఁ అనలేదు. తండ్రి ఖర్చు చూసుకుంటూ పెదాలు బిగించుకుని కూర్చుంది. ఆవిణ్ని తప్పు పట్టను. మాకు దారి చూపింది ఆవిడే.

దండ ఎవరి మెళ్లో పడిందో అక్క ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. నాకు తెలుసు, మా మామగారే ఆ తమ్ముడు. కథ అయిపోతే ఊఁ ఆగిపోతుందని అక్క ఆ దుమ్ముగాలిని వీస్తూనే ఉంచింది.

ఆరో మాట

ఇవాళ కట్టు విప్పారు.

డాక్టరమ్మ అక్షరాల పలక పట్టుకుని ఎదురుగా నిలబడింది. అక్క పలక వంక చూడలేదు. ముందు నన్ను చూసింది. చాలాసేపు చూసింది. "ముసలిదానివైపోయావేమే" అంది. నేను ఏడ్చాను, ఇంక గోడ ఏమనుకుంటే అనుకోనీ అని గట్టిగానే ఏడ్చాను. తర్వాత అక్క వార్డంతా నడిచి, మంచం మంచం దగ్గరా ఆగి, ఒక్కసారి ఊఁ అను నాయనా, ఊఁ అను తల్లీ అని అడిగి, ఆ గొంతు తాలూకు ముఖాన్ని చేత్తో తడిమి చూసుకుంది. బొంగురు ఊఁ అబ్బాయికి మీసాలు కూడా సరిగా రాలేదు.

శ్రేయాంశ్ గారి కట్టు కూడా ఇవాళే విప్పారు. ఆయనకి పొర అతకలేదు. ఈ ఊరి మనిషి కాబట్టి వెంటనే మళ్లీ వేశారు, మళ్లీ కట్టు కట్టారు. మళ్లీ మొదట్నించీ ఆ చీకటి. మేం దగ్గరికెళ్లేసరికి చేతులు గుండెల మీద పెట్టుకుని, తల కదలకుండా ఉండాలని బిగబట్టుకుని ఉన్నారు. ఆద్య సెలవు అయిపోయి పనికెళ్లింది. వార్డులో మిగతావాళ్లూ ఒక్కొక్కరే మూటలు సర్దుకుంటున్నారు.

గీతలో వేలిగోరంత ఇంకా ఉంది. అక్కకి నల్లద్దాలు ఇచ్చారు, ఇంక బయటి వేడి భయం లేదు. ఆ చలువ ఊరికి తెస్తానని మొదట్లో అన్నాను. నేను మూట కడుతుంటే అక్క నా చేయి పట్టుకుని కడియం చూసింది, నన్ను చూసింది. నాకు అర్థమైంది. మన ఊళ్లో ఎవరున్నా ఇదే చేస్తారు, మీ అందరి తరఫునా నేనే సరేనన్నాను.

అక్క ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుంది. దండ మా మామగారి మెళ్లోనే పడిందండీ, నా కథ అయిపోయింది, ఇంక మీరు చెప్పండి అంది. నాకు కథలేమొచ్చు తల్లీ, మబ్బులు చేసుకుని బతికినవాణ్ని అన్నారాయన. మరి మబ్బు సంగతే చెప్పండి అంది అక్క. ఆయన తను చేసిన మొట్టమొదటి మబ్బు గురించి మొదలెట్టారు. నీళ్ల పాళ్లు తప్పి అది కప్పుకి అంటుకుపోయిందట, ఎంతకీ కదలదట.

"ఊఁ" అంది అక్క.

నేనూ అన్నాను. మల్లెవాసన వచ్చింది. ఆయన మెడ నరాలు సడలడం నాకు కనపడింది. మబ్బు కింద ఎవరిదో ఇంటి డాబా, ఆ డాబా మీద ఆరేసిన వడియాలు, ఆ వడియాల తాలూకు పిల్ల, ఆ పిల్లే తర్వాత ఈయన భార్య. ఎక్కడికక్కడ మేం ఊఁ కొడుతూనే ఉన్నాం. మీరిచ్చిన చలువ ఆఖరి చుక్క దాకా అలాగే ఖర్చయింది ధీరజ్ బాబూ. ఊరికి ఏమీ తేలేకపోతున్నా. అక్క చూపు తెస్తున్నా. అదంతా మీ చలువే.

గీత చెరిగిపోయాక గోడ మర్యాదగా మమ్మల్ని లేవమంది. ఆయన కథ మధ్యలో ఉంది, వాన మొదలైంది, వడియాలు తడుస్తున్నాయి. మేం లేచిన అలికిడి విని ఆయన ఆగిపోయారు. అప్పటికే ఆద్య పని నుంచి వచ్చి తెర దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. ఆయన తల కదపకుండా, ఎవరైనా ఉన్నారా అన్నట్టు చెయ్యి మాత్రం కొంచెం లేపారు.

ఆవిడ వచ్చి అక్క కూర్చున్నచోటే నేల మీద కూర్చుంది. గొంతు సవరించుకుంది. "ఊఁ" అంది.

ఆయన వడియాలు తడిసిన దగ్గర్నించి అందుకున్నారు.

వాకిలి దాకా నడిచొచ్చాం. బయట వేడి ముఖాన కొట్టింది. అక్క నల్లద్దాలు పెట్టుకుంటూ, "చూశావా, ఊఁ అన్నప్పుడు ఆద్య కనుబొమలు పైకి లేస్తాయి, అచ్చం నీకు లాగే" అంది. నాకు లేస్తాయని నీకెలా తెలుసు అని అడగబోయాను. ఇందాక నేను ఊఁ కొడుతుంటే చూసింది కదా.